ఏడాదంతా హత్యలు, దెయ్యాలు, చిక్కుముడులు: మీరేం చదివారు?

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

ఈ జనవరి నుంచి డిసెంబరు దాకా నేరం, దెయ్యం, మిస్టరీ తప్ప ఇంకో నవల ముట్టుకోలేదు. ఉద్యోగం కోసం రోజూ రాజాం బస్సెక్కుతాను, చదువంతా అందులోనే. చదివినవన్నీ వరసగా పెట్టను, మనసులో ఉండిపోయినవాటి గురించే రాస్తాను. ఒక్క మనవి: ఎవరూ ముగింపులు బయటపెట్టకండి, ఇంకా చదవనివాళ్లుంటారు.

మొదటి నుంచీ రావాలని ఎడ్గార్ అలన్ పో 1841లో రాసిన పారిస్ హత్యల కథతో మొదలుపెట్టాను. లోపల గడియ వేసిన గది, తల్లీకూతుళ్ల హత్య, చేతులెత్తేసిన పోలీసులు. పేపర్లో సాక్షుల మాటలు చదివి, ఒకసారి ఆ ఇల్లు చూసొచ్చి గుట్టు విప్పే డ్యూపిన్. పక్కనే ఉండి మనకు కథ చెప్పే స్నేహితుడు. 1887లో వచ్చిన హోమ్స్, వాట్సన్‌ల జంటకి అచ్చు ఇక్కడే పడింది.

కానీ ఈ ఏడాది నన్ను నిజంగా పట్టుకున్నది జపాన్ రచయిత సెయిషి యొకొమిజో. 1946లో వచ్చిన ‘హోంజిన్ హత్యలు’ చదివాక రెండు రోజులు ఇంకో పుస్తకం తెరవబుద్ధి కాలేదు. ఒకాయామా ప్రాంతంలో ఒక పల్లె, అందులో ఒక పాత పెద్దింటి కుటుంబం. పెళ్లయిన రాత్రే హత్య. రాత్రివేళ కోటో అనే తంత్రీవాద్యం మోగుతుంది, బయట మంచు మీద కత్తి గుచ్చి ఉంటుంది, అడుగుజాడలు మాత్రం ఉండవు. చిక్కు గొప్పదే, కానీ నన్ను ఆపేసింది చిక్కు కాదు. ఆ ఇంటి పరువు, ఆ పల్లెలో ఎవరి మాట ఎంత చెల్లుతుందన్న లెక్క, ఆ చెక్కగోడల కట్టుబడి, వీటిలో ఏది తీసేసినా ఆ హత్య జరగదు. ఇంకో ఊళ్లో జరగనే జరగదు.

అప్పట్నుంచి ప్రతి పుస్తకాన్నీ అదే కంటితో చదివాను. హోమ్స్ నవలల్లో వేటకుక్క కథే ఎందుకు అందరికీ గుర్తుంటుంది? డార్ట్‌మూర్ బురదనేల వల్ల. షరదిందు బంద్యోపాధ్యాయ బ్యోమకేశ్ కథలు కలకత్తా మెస్సుల్లోంచి, సందుల్లోంచి పుట్టాయి. నా అభిప్రాయం సూటిగా చెప్తున్నాను: మిస్టరీ రాసేవాడికి తెలివి ఒక్కటే చాలదు, ఊరు తెలియాలి. ఆ ఊళ్లో వెలుతురు ఎప్పుడు పోతుందో, ఎవరు ఎవరింటికి వెళ్లరో, అబద్ధం ఏ దారిన నడుస్తుందో తెలియాలి.

మరి మన వైపు సంగతేమిటి? నాగావళి, వంశధార, ఉద్దానం తోటలు, కళింగపట్నం లైట్‌హౌస్, సాలూరు కొండలు. ఇన్ని ఉన్న చోట మిస్టరీ నవలలు ఎందుకు ఇంత తక్కువ? మీరేం చదివారో, ఏమనుకుంటున్నారో రాయండి.

అద్దె పుస్తకం (విజయనగరం)

అమ్మా, మీ పోస్టు చదివి చాలా సంతోషమైంది. గంటస్తంభం దగ్గర చాలా ఏళ్లు అద్దె పుస్తకాల షాపు నడిపినవాణ్ణి. ఊరు తెలియాలన్న మీ మాట సగమే ఒప్పుకుంటాను.

మా షాపులో అరలు ఖాళీ చేసింది కొమ్మూరి సాంబశివరావు గారు. డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు, ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు. కథ జరిగేది మద్రాసులో. మద్రాసు మొహం చూడని నెల్లిమర్ల జూట్ మిల్లు కార్మికులు షిఫ్ట్ దిగి నేరుగా షాపుకొచ్చేవారు. హాస్టలు కుర్రాళ్లు వచ్చేవారు. చాలామంది ఆడవాళ్లు షాపుదాకా రాకుండా పిల్లల చేతికి చీటీ ఇచ్చి పంపేవారు, ‘యుగంధర్‌ది కొత్తది, చదవనిది’ అని. వాళ్లకి ఏ ఊరైతే ఏమిటి? వాక్యం చిన్నది, తెలుగు శుభ్రమైనది, మొదటి పేజీలోనే ఫోను మోగుతుంది, మూడో పేజీకి శవం. చదవడం అంతగా అలవాటు లేనివాళ్ల చేత కూడా పుస్తకం పూర్తి చేయించిన రచయిత ఆయన. దాన్ని చిన్నచూపు చూసినవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నాకు మాత్రం ఆయనంటే గౌరవం.

తర్వాత మధుబాబు గారి షాడో వచ్చాడు. అది డిటెక్టివ్ కాదు, గూఢచారి సాహసం. దాని అభిమానులు వేరు, కొత్త పుస్తకం వచ్చిన రోజున షాపు ముందు సైకిళ్లు వరస కట్టేవి.

ఒక బాధ చెప్పాలి. చివరి పేజీలు చింపేసేవాళ్లుండేవారు. ఎందుకు చింపేవారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. హంతకుడెవరో తెలియకుండా పుస్తకం తిరిగిచ్చినవాళ్ల మొహం చూడలేక, ఇంకో కాపీ సంపాదించి ఆ ముగింపు చేత్తో తెల్లకాగితం మీద రాసి అతికించేవాణ్ణి. అలా రాస్తూనే నాకొకటి తెలిసింది. మంచి డిటెక్టివ్ నవల ముగింపు రెండు పేజీల్లో అయిపోతుంది. నాసిరకం నవల ముగింపు ఎనిమిది పేజీలు సాగుతుంది, ఎందుకంటే ముందు చెప్పని సంగతులన్నీ అక్కడ కుమ్మరించాలి.

రైలుకూత (విజయనగరం)

పైన అద్దె పుస్తకం గారి చివరి మాట బంగారం. నేను రైల్వేలో పనిచేసి రిటైరయ్యాను. నా ఏడాది చదువంతా రైళ్ల చుట్టూనే తిరిగింది.

జపాన్‌లో సెయిచో మాత్సుమోతో 1958లో వేసిన నవల ఒకటుంది, ‘పాయింట్లు, గీతలు’ అని. మొత్తం కథ టోక్యో స్టేషన్‌లో ఒక నాలుగు నిమిషాల మీద ఆధారపడి ఉంటుంది. ఆ నాలుగు నిమిషాలు తప్ప మిగతా సాయంత్రమంతా ఒక ప్లాట్‌ఫాం నుంచి ఇంకో ప్లాట్‌ఫాం కనిపించదు, మధ్యలో రైళ్లు అడ్డం. మరి ఇద్దరు మనుషులు రైలెక్కడం సాక్షులకి కనబడాలంటే? మొదట చదివినప్పుడు లేచి నిలబడ్డాను. ఉద్యోగమంతా మేం చూసిందే, కథకి పనికొస్తుందని ఎప్పుడూ తోచలేదు.

ఆ పద్ధతి మన దగ్గర నడవదని ఒకరు నాతో వాదించారు. జపాన్ రైలు నిమిషం తప్పదు, మన రైలు ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి టైంటేబుల్ మిస్టరీ కుదరదని. నేను ఒప్పుకోను. ఆలస్యమైన రైలు ఎంత ఆలస్యమైందో ప్రతి స్టేషన్లోనూ రాసుకుంటారు. టికెట్ మీద ఉన్న టైము వేరు, స్టేషన్ రికార్డులో ఉన్న టైము వేరు. టికెట్ చూపించి ‘ఆ వేళకి నేను రైల్లో ఉన్నాను’ అని చెప్పేవాణ్ణి పట్టుకోవడానికి ఆ తేడా చాలు. పైగా విజయనగరం జంక్షన్. ఇక్కడ హౌరా-చెన్నై లైను నుంచి బొబ్బిలి, పార్వతీపురం, రాయగడ మీదుగా రాయ్‌పూర్ లైను చీలుతుంది. ఒక మనిషి ఎటు వెళ్లాడో తెలియకుండా పోవడానికి ఇంతకన్నా మంచి చోటు ఏముంది?

దెయ్యాల పుస్తకంలో కూడా రైళ్లే పట్టుకున్నాను. 1897 నాటి డ్రాక్యులా మొదటి పేజీలోనే హార్కర్ రైలు గంట ఆలస్యమని డైరీలో రాసుకుంటాడు. అతని భార్య మీనా రైళ్ల వేళలు కంఠతా పట్టి ఉంటుంది, చివరి వేటలో అది పనికొస్తుంది కూడా. నెత్తురు తాగే ప్రభువుని పట్టుకోవడానికి శిలువ, వెల్లుల్లితో పాటు టైంటేబులూ కావాలన్నమాట. నవలంతా డైరీలు, ఉత్తరాలు, టెలిగ్రాములు, పేపరు ముక్కలే. అందుకే నమ్మబుద్ధవుతుంది.

ఉద్దానం గాలి (పలాస దగ్గర)

అందరికీ నమస్కారం. నేను ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తాను, డ్యూటీ అయ్యాక చదువుతాను. ఈ ఏడాది అగాథా క్రిస్టీ తప్ప ఇంకెవరినీ చదవలేదు, విసుగు కూడా రాలేదు.

ఆమెకి విషాల సంగతి అంత కచ్చితంగా ఎలా తెలుసు? మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండులోని టార్కీ ఊరి ఆసుపత్రి డిస్పెన్సరీలో మందులు కలిపే పని చేసింది. 1920లో వచ్చిన మొదటి నవలలోనే స్ట్రిక్నిన్. 1961 నాటి నవలలో థాలియం లక్షణాలు ఎంత సరిగ్గా రాసిందంటే, 1977లో ఖతార్ నుంచి లండన్‌కి తెచ్చిన పాపకి ఏమైందో డాక్టర్లకి అంతుపట్టనప్పుడు, ఆ నవల చదువుతున్న ఒక నర్సు ‘ఇది థాలియం కావచ్చు’ అని చెప్పింది. పరీక్ష చేస్తే అదే తేలింది, పాప బతికింది. మా ల్యాబులో అందరికీ ఈ సంగతి చెప్పాను. కాలక్షేపం నవలలని తీసిపారేసేవాళ్లు ఇది తెలుసుకోవాలి.

మన సీరియళ్లు, నవలలు చూస్తే ఒక విషయంలో కోపం వస్తుంది. డాక్టరు శవం దగ్గర వంగి ‘రాత్రి పదీ ఇరవైకి చనిపోయాడు’ అంటాడు. అలా ఎవరూ చెప్పలేరు. శవం చల్లబడే తీరు, బిగుసుకోవడం చూసి కొన్ని గంటల అటూ ఇటూగా అంచనా వేస్తారు, అంతే. మే నెల మధ్యాహ్నం మా వైపు గాలే ఒంటి వేడికి దగ్గరగా ఉంటుంది, శవం చల్లబడడం బాగా నెమ్మదిస్తుంది. ఇంగ్లండు లెక్క ఇక్కడ వేస్తే ఆ అంచనా తప్పుతుంది. ఇంకొకటి, విషం అనుమానం ఉంటే లోపలి భాగాలు ల్యాబుకి పంపేది చిక్కటి ఉప్పునీళ్లలో, ఫార్మలిన్‌లో కాదు. ఫార్మలిన్ వేస్తే విషాల పరీక్షకే అడ్డమవుతుంది. ఈ ఒక్క తేడాతో ఒక కథ నడపొచ్చు: ఎవరో కావాలనే తప్పు సీసాలో వేశారు.

నాగావళి గట్టు అక్కా, ఊరు గురించి మీరన్నదానికి నా ఓటు. క్రిస్టీ 1939 నవలలో పదిమందిని ఒక ద్వీపంలో పెట్టింది, పడవ రాదు. మనకి ద్వీపం అక్కర్లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను తీరం దాటాక మా ఊళ్లు ఎలా ఉన్నాయో చూసినవాళ్లకి తెలుసు. కొబ్బరిచెట్లు కూలి దారులన్నీ మూసుకుపోయాయి, కరెంటు లేదు, ఫోన్లు లేవు. పక్క ఊళ్లో ఎవరు ఉన్నారో పోయారో తెలియలేదు. ఆ రాత్రి ఒక ఇంట్లో ఒకరు చనిపోతే, తుఫాను చంపిందా మనిషి చంపాడా అని అడిగేవాళ్లెవరు? పైన చెట్టు పడి ఉంటుంది, చూసినవాళ్లందరూ చెట్టు వల్లే అనుకుంటారు. నాకు రాయడం రాదు, వచ్చినవాళ్లు ఎవరైనా ఇది రాయండి.

కోర్టు అరుగు (శ్రీకాకుళం)

ఉద్దానం పాప బాగా చెప్పింది. నేను చాలా ఏళ్లు కోర్టులో గుమస్తాగిరీ చేశాను. నా ఫిర్యాదు ఇంకో చోట ఉంది.

మన నవలల్లో చివరికి డిటెక్టివ్ అందర్నీ ఒక గదిలో కూర్చోబెడతాడు, హంతకుడు కుప్పకూలి ‘అవును, నేనే చంపాను’ అంటాడు, ఇన్‌స్పెక్టరు బేడీలు వేస్తాడు. కథ అక్కడ అయిపోతుంది. నిజానికి కేసు అక్కడే మొదలవుతుంది. పోలీసు అధికారి ముందు ఒప్పుకున్న మాట మన దేశంలో నిందితుడికి వ్యతిరేకంగా సాక్ష్యంగా పనికిరాదు. పాత ఎవిడెన్స్ చట్టం 25వ సెక్షను, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 23. మేజిస్ట్రేటు ముందు స్వచ్ఛందంగా చెప్తే అది వేరు. లేదా అతను చెప్పిన మాట వల్ల కత్తో, నగో, దాచిన చోటో బయటపడితే, ఆ బయటపడ్డ సంగతికి సంబంధించినంత వరకే ఆ మాట చెల్లుతుంది.

రాసేవాళ్లు దీన్ని అడ్డంకి అనుకుంటారు. నేను వరం అంటాను. హంతకుడు స్టేషన్లో అంతా చెప్పేశాడు, ఇన్‌స్పెక్టరుకి తెలుసు, చదివేవాడికీ తెలుసు, కానీ కోర్టులో ఆ మాటకి విలువ లేదు. నూతిలో పారేసిన కొడవలి దొరికితేనే కేసు నిలుస్తుంది. దొరుకుతుందా లేదా? ఇంతకన్నా టెన్షన్ ఏం కావాలి?

పంచనామా గురించీ ఎవరూ సరిగా రాయరు. సంతకం పెట్టిన పంచులు, అంటే సాక్షులు, రెండేళ్ల తర్వాత బోనెక్కి ‘నాకేమీ తెలియదు, సంతకం పెట్టమంటే పెట్టాను’ అంటారు. ఎందుకంటారు? బంధుత్వమా, భయమా, అప్పా? అసలు మిస్టరీ అక్కడుంది. కోర్టు వరండాలో కూర్చుంటే రోజుకొకటి కనిపిస్తుంది.

హాస్టల్ రాత్రి (రాజాం)

నేను ఇంజనీరింగ్ చదువుతున్నాను. పెద్దవాళ్లందరూ చట్టం, విషం, టైంటేబుల్ అంటున్నారు. గౌరవంతోనే చెప్తున్నాను, అవి ఎక్కువైతే కథకి ఊపిరాడదు. నాకు భయం కావాలి.

ఈ ఏడాది నేను చదివినవాటిలో షర్లీ జాక్సన్ 1959 నవల, హిల్ హౌస్ ఇల్లు గురించి, అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టింది. దెయ్యం ఎక్కడా సరిగ్గా కనబడదు. తలుపు బయట చప్పుడు, గోడ మీద రాత, చీకట్లో పట్టుకున్న చెయ్యి. ఆ ఇంటికి వచ్చిన అమ్మాయికి వెళ్లడానికి ఇంకో చోటు లేదు, అదే అసలు భయం. ఇల్లు ఆమెని పిలుస్తోందా, ఆమే ఇంటిని పిలుస్తోందా చెప్పలేం.

తెలుగులో యండమూరి ‘తులసిదళం’ మా గదిలో నలుగురం వంతులవారీగా చదివాం. ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చినప్పుడు వారం వారం ఎదురుచూశామని మా అమ్మ చెప్తుంది. ఒక పక్క డాక్టర్లు, ఒక పక్క మంత్రగాళ్లు, మధ్యలో చిన్నపిల్ల. రాత్రి చదివాక బాత్రూంకి వెళ్లాలంటే ఇద్దరం కలిసి వెళ్లేవాళ్లం. ఇప్పుడు తెలుగులో అలాంటి పుస్తకం ఎందుకు రావట్లేదు?

సాలూరు మేష్టారు

బాబూ, నీ ప్రశ్నకి జవాబు చెప్పే ముందు ఒక సంగతి చెప్పాలి.

నేను కొండ ఊళ్లలో చాలా కాలం బడి పంతులుగా చేశాను. మా వైపు చేతబడిని చిల్లంగి అంటారు. ఒక ఇంట్లో పిల్లాడికి జ్వరం తగ్గదు. పక్కింటి ముసలమ్మ నిన్న వాడి వైపు చూసింది. అంతే, మాట మొదలవుతుంది. ఆ మాట ఊరంతా తిరిగి వచ్చేసరికి ఆ ముసలమ్మ ఇంటికి ఎవరూ వెళ్లరు, నీళ్ల దగ్గర ఎవరూ మాట్లాడరు. తర్వాత కొట్టడాలు, ఊరి నుంచి వెళ్లగొట్టడాలు. చంపేసిన సందర్భాలూ మన ఏజెన్సీలో పేపర్లకి ఎక్కాయి. పక్కనే ఉన్న ఒడిశా ఇలాంటివాటి మీద 2013లో ప్రత్యేక చట్టమే చేసుకుంది. మా బడిలో ఒక పాప ఏడుస్తూ వచ్చి, వాళ్ల నానమ్మని అందరూ చిల్లంగిది అంటున్నారని చెప్పింది. ఆ కుటుంబం చివరికి రాత్రికి రాత్రే ఊరు వదిలి వెళ్లిపోయింది.

అందుకే క్షుద్రవిద్య నిజంగా పనిచేస్తుందని చూపించే నవలలు నాకు మింగుడుపడవు. పట్నంలో హాస్టల్లో చదివితే అది సరదా భయం. ఆ పుస్తకం ఆ పాప ఊళ్లో చదివితే సాక్ష్యం అవుతుంది. అప్పట్లో హేతువాదులు ఆ నవలల మీద గొడవ చేసినప్పుడు వాళ్ల వైపే ఉన్నాను, ఇప్పటికీ ఉన్నాను.

భయం రాయొద్దని నేననను. చిల్లంగి మీద భయం ఊరిని ఎలా పట్టుకుంటుందో రాయండి. ముసలమ్మ వైపు నుంచి రాయండి. రాత్రి తలుపు బయట అడుగుల చప్పుడు వినిపిస్తుంది, దెయ్యం కాదు, తెలిసినవాళ్లే, పొద్దున పలకరించినవాళ్లే. నీ హిల్ హౌస్ కన్నా అది తక్కువ భయమా?

హాస్టల్ రాత్రి (రాజాం)

మేష్టారూ, మీరు చెప్పింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. కానీ ఒకటి అడుగుతాను. అలా లెక్కపెడితే డ్రాక్యులా కూడా తప్పేనా? బేతాళ కథలు తప్పేనా? చెట్టుకి వేలాడే శవంలో బేతాళుడు మాట్లాడితే ఎవరూ ఎవర్నీ కొట్టలేదు కదా?

సాలూరు మేష్టారు

తప్పు కాదు బాబూ. బేతాళుణ్ణి చూపించి పక్కింటావిడ మీద వేలు పెట్టరు. డ్రాక్యులా ఉండేది ఎక్కడో ట్రాన్సిల్వేనియా కోటలో, మన ఊళ్లో ఆ పేరున్న మనిషి లేడు. మా ఊళ్లలో మాత్రం చిల్లంగి పేరు చెప్తే వెంటనే ఒక మనిషి మొహం గుర్తొస్తుంది, ఆ మొహం దాదాపు ఎప్పుడూ ఒంటరి ఆడదానిదో, ముసలివాడిదో. నా అభ్యంతరం దెయ్యం మీద కాదు, నేరం మోపడానికి సిద్ధంగా ఉన్న మనిషి మీద నేరం మోపే కథ మీద.

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

మేష్టారూ, మీ పోస్టు వల్ల నా వాదం నాకే ఇంకా బాగా తెలిసింది. ఊరు తెలియాలని నేనన్నది ఇందుకే. ఊరు తెలిసిన రచయిత చిల్లంగిని అలంకారంగా వాడలేడు, ఎవరి ఇంటి ముందు ఆగుతుందో అతనికి తెలుసు కాబట్టి.

అయితే తులసిదళం విషయంలో మీతో పూర్తిగా రాలేను. పిల్ల జబ్బు ముందు తల్లిదండ్రులు పడే నిస్సహాయత ఆ నవలలో నిజంగా ఉంది. డాక్టరు దగ్గరికీ మంత్రగాడి దగ్గరికీ ఒకే రోజు పరిగెత్తే మనుషుల్ని మనందరం చూశాం. ఆ పరుగు రాసినందుకు ఆ నవల నాకు విలువైనదే, దాని ముగింపు మీద మీ కోపం న్యాయమైనా సరే.

కోట వెనక వీధి (విజయనగరం)

ఆలస్యంగా వచ్చాను, అన్నీ చదివాను. మన వైపు మిస్టరీ నవలలు తక్కువన్నారు మొదటి పోస్టులో. కానీ గట్టి మిస్టరీ ఒకటి మన దగ్గరే ఉంది. అందరం బడిలో చదివాం, మిస్టరీగా చదవలేదు.

కన్యాశుల్కం తియ్యండి. 1892లో విజయనగరంలోనే మొదట ఆడారు, ఇప్పుడు మనం చదివే పెద్ద రూపం 1909ది. అందులో హత్య కేసు ఉంది. లుబ్ధావధానులు కొనుక్కున్న పెళ్లికూతురు మాయమైపోతుంది. భర్తే చంపేశాడని కేసు. శవం లేదు. అసలు ఆ పెళ్లికూతురే లేదు, ఆడవేషం వేసిన కుర్రాడు, కరటకశాస్త్రి శిష్యుడు. పుట్టని మనిషిని చంపినందుకు ఒక ముసలాయన మెడకి ఉరి బిగుసుకుంటోంది. నిజం తెలిసినవాళ్లు చెప్పలేరు, చెప్తే వాళ్లే ఇరుక్కుంటారు. ఇంతకన్నా గట్టి ముడి ఈ ఏడాది మీరెవరైనా చదివారా?

కంటె (మెడలో వేసుకునే నగ) సంగతి చూడండి. మధురవాణి కంటె ఎక్కడికి వెళ్లింది, ఎవరి చేతిలో ఉంది అన్నది నాటకమంతా నడుస్తుంది, విల్కీ కాలిన్స్ 1868 నవలలో వజ్రం నడిచినట్టు. దెయ్యం కూడా ఉంది. పెళ్లికూతురికి ముందో మొగుడున్నాడని, వాడు పిశాచమై వచ్చాడని లుబ్ధావధానులు హడలిపోతాడు, పూజారి గవరయ్య మంత్రాలు మొదలుపెడతాడు. మేష్టారు అడిగిందీ అదే కదా, భయం ఉండాలి, భయపడేవాడి బుర్రలో ఏముందో కనబడాలి.

మరి డిటెక్టివ్ ఎవరు? మధురవాణి. అందరి గుట్లూ ఆమెకి తెలుసు, ఎవరి మాట ఎంత నిజమో తూచగలదు, చివరికి మగవేషంలో సౌజన్యారావు పంతులి దగ్గరికి వెళ్లి కేసు దారి మార్చేది ఆమే. కోర్టు అరుగు గారు చెప్పిన తప్పుడు సాక్ష్యాలు, సాక్షుల్ని తయారుచేయడం అన్నీ అందులో ఉన్నాయి. గురజాడకి ఊరు తెలుసు, అగ్రహారం తెలుసు, విశాఖపట్నం కోర్టు తెలుసు. నాగావళి గట్టు గారి సూత్రానికి ఇంతకన్నా సాక్ష్యం లేదు.

కోర్టు అరుగు (శ్రీకాకుళం)

దండం గురువుగారూ. అన్నేళ్లు కోర్టులో ఉండి ఆ నాటకం ఎన్నోసార్లు చూశాను, నవ్వుకున్నాను. ఇలా చూపించినవాళ్లు లేరు. శవం దొరక్కపోయినా హత్యకేసు నడవచ్చు, చట్టం అడ్డు చెప్పదు. మనిషి చనిపోయాడని మిగతా ఆధారాలు తిరుగులేకుండా చెప్పాలి, అంతే. అందుకే ఆ ముసలాయన భయం ఉత్తుత్తి భయం కాదు.

అద్దె పుస్తకం (విజయనగరం)

మధురవాణి డిటెక్టివ్ అన్నది నేను ఒప్పుకుంటున్నాను. ఊరి సంగతిలో మాత్రం ఇంకా నా మాటే నాది. నెల్లిమర్ల కార్మికుడికి మద్రాసు అక్కర్లేదు, యుగంధర్ కావాలి. కొత్తగా రాసేవాళ్లు ఊరు పెట్టండి, కాదనను, కానీ మొదటి పేజీలోనే కదలిక పెట్టండి. నలభై పేజీలు నాగావళి అందం చదివాక శవం వస్తే, అంతదాకా ఎవరుంటారు?

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

ఉండరు, అది మీరన్నది నిజం. యొకొమిజో కూడా మొదటి పేజీల్లోనే ఘోరం జరిగిందని చెప్పేసి ఆ తర్వాతే పల్లెలోకి తీసుకెళ్తాడు.

ఇంకో మాట. ఈమధ్య కథానిలయానికి వెళ్లి పాత వారపత్రికలు తిరగేశాను. కారా మాస్టారు (కాళీపట్నం రామారావు గారు) 1997లో మొదలుపెట్టిన ఆ చోట తెలుగు కథలు ఎన్నో భద్రంగా ఉన్నాయి. పెద్ద కథల మధ్య, ప్రకటనల పక్కన, చిన్న చిన్న నేరకథలు కనిపిస్తూనే ఉన్నాయి. ఎవరూ ఏరి ఒక పుస్తకం చేయలేదనిపించింది. వచ్చే ఏడాది ఆదివారాలు ఆ పని మీద కూర్చుంటాను. తోడొచ్చేవాళ్లుంటే చెప్పండి.

ఉద్దానం గాలి (పలాస దగ్గర)

నేను వస్తాను అక్కా, డ్యూటీ లేని ఆదివారాలు.

హాస్టల్ రాత్రి (రాజాం)

నేనూ వస్తాను. ఈలోగా ఒక సందేహం, కోర్టు అరుగు గారిని అడుగుతున్నాను. ఉద్దానం గాలి గారి తుఫాను కథ రాయడం మొదలుపెట్టాను, అనుమతి అడిగాను, ఇచ్చారు. కొంచెం మార్చాను. శవం వరదలో నాగావళిలో కొట్టుకొచ్చి ఒక పోలీసు స్టేషన్ పరిధిలో తేలుతుంది. హత్య జరిగింది ఎగువన, ఇంకో స్టేషన్ పరిధిలో. కేసు ఎవరిది? ఇద్దరూ ‘మాది కాదు’ అంటే?

కోర్టు అరుగు (శ్రీకాకుళం)

మంచి ప్రశ్న బాబూ. శవం ఎక్కడ తేలితే ఆ స్టేషన్ వాళ్లే శవపంచనామా చేసి పోస్టుమార్టంకి పంపాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 174, ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194. ఫిర్యాదు తీసుకోవడానికి పరిధి అడ్డు కాదు, నేరం ఎక్కడ జరిగినా ఆ కొత్త సంహితలోనే 173 కింద నమోదు చేయాలి, దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. తర్వాత నేరం జరిగిన స్టేషన్‌కి పంపుతారు. కాగితం మీద ‘మాది కాదు’ అనడానికి వీల్లేదు.

కానీ నీ కథకి పనికొచ్చేది ఆ పంపడంలో ఉంది. పంచనామా రాసినవాడు ఒకడు, దర్యాప్తు చేసేవాడు ఇంకొకడు. మొదటివాడు ఒంటిమీద చూసి రాసిన గాయం రెండోవాడు ఎప్పుడూ కళ్లారా చూడలేదు, కాగితం మీదే చదివాడు. ఆ రెండు కాగితాల మధ్య ఒక చిన్న తేడా పెట్టు. రాశాక నాకు పంపు, సెక్షన్లు సరిచూసి పెడతాను.

ఉద్దానం గాలి (పలాస దగ్గర)

ల్యాబు భాగం నాకు పంపండి. ఉప్పునీళ్ల సీసా మాత్రం వదలొద్దు.